ఆవు తన్నిన పళ్ళు

నా కొడుకు సైన్యంలో ఆఫీసరు కాలేకపోయాడు. కారణం మా అక్క నరామత్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా ఊరు కిసిమాలో ఎవరైనా ఇంకో మాట చెబితే, వాళ్ళు మా అక్క ఇంట్లో టీ తాగి వచ్చారని అర్థం.

మా సంబురు తెగలో పిల్లలకి ఎనిమిది, తొమ్మిదేళ్ళు రాగానే కింది వరసలో మధ్య రెండు పళ్ళూ తీసేస్తారు. ఆ పని తెలిసిన ముసలాయన ఒకడు వస్తాడు. సన్నటి కత్తితో చిగుళ్ళు వదులు చేసి పెకలిస్తాడు. పిల్లవాడు ఏడవకూడదు. నాకూ తీశారు. నేనూ ఏడవలేదు. ఏం ఒరిగింది?

మీసాలు వస్తున్న వయసులో, మరలాల్ పట్నం మైదానంలో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్ళాను. పరుగులో నా ముందు ఎవడూ లేడు. ఛాతీ కొలిచారు. పాదాలు చూశారు. చివర్లో ఒక సార్జెంటు నా గడ్డం పట్టుకుని నోరు తెరవమన్నాడు. తెరిచాను.

"ఈ కిటికీ ఎవడు పెట్టాడ్రా? గాలి కోసమా?" అన్నాడు.

వరసంతా నవ్వింది. నన్ను పక్కకి నెట్టి నా వెనకవాణ్ణి పిలిచాడు. పరుగు మధ్యలో కడుపు పట్టుకుని కూలబడ్డవాడు వాడు. వాడి పళ్ళన్నీ ఉన్నాయి. వాణ్ణి తీసుకున్నారు.

ఇంటికి నడిచి వస్తూ దారిలోనే అనుకున్నాను. నాకు కొడుకు పుడితే వాడి నోట్లో ఎవడూ కత్తి పెట్టడు. వాడు సిపాయి కూడా కాదు, ఆఫీసరు అవుతాడు. నోరు తెరవమని ఇంకొకళ్ళకి వాడే చెబుతాడు.

పెళ్ళాన్ని కూడా అలాగే చూసి చేసుకున్నాను. తెరేసియా తండ్రి క్రైస్తవ మిషన్లో ప్రార్థనలు చెప్పించేవాడు. తన పిల్లల పళ్ళు తీయనివ్వలేదు. పెళ్ళిలో ఆమె నవ్వితే మా ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. గాడిద నవ్వినట్టుందని ముందు అన్నది మా అక్కే. తరవాత ఆ మనిషి మీదే ప్రాణం పెట్టుకుంది. అక్క ఏదైనా అంతే, ముందు నోరు, తరవాత ప్రాణం.

మా కొడుకు సైదిము చిన్నవాడుగా ఉండగా తెరేసియా కాలికి పశువుల దొడ్లో ముల్లు దిగింది. తీసి పారేసి పాలు పితకడానికి వెళ్ళింది. దాంతోనే ధనుర్వాతం పట్టుకుంది. కొన్నాళ్ళకి దవడ బిగుసుకుంది. అప్పుడే వాన పట్టుకుంది. వాగు పొంగింది. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన లారీ అవతలి గట్టునే నిలిచిపోయింది. అక్క ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పాలు పోయాలని చూసింది. చెంచాతో చూసింది, రెల్లు గొట్టంతో చూసింది. పళ్ళు గోడ కట్టినట్టు బిగిసి ఉన్నాయి. పాలు బుగ్గల మీంచి చెవుల్లోకి కారాయి. వాగు తీశాక ఆసుపత్రికి చేర్చాం. అక్కడ చేయడానికి ఏమీ మిగల్లేదు.

పళ్ళు తీయడానికి మా పెద్దవాళ్ళు చెప్పే కారణం సరిగ్గా ఇదే. దవడ బిగుసుకుపోయినా ఆ సందులోంచి పాలు పోయొచ్చని.

ఆ ఏడు ఎండలు ముదరగానే పశువుల్ని తోలుకుని సుగుతా లోయ వైపు వెళ్ళాను. సైదిమును అక్క దగ్గర వదిలాను. వాడి పళ్ళ జోలికి వెళ్ళొద్దని చెప్పే వెళ్ళాను. గడ్డి మొలిచాక తిరిగొస్తే నా కొడుకు నవ్వుతూ ఎదురొచ్చాడు. నోట్లో కిటికీ ఉంది.

"ఏం చేశావే?" అన్నాను అక్కతో.

"చేయాల్సింది చేశాను."

"వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. నువ్వు వాగు గట్టున నిలబడి లారీవాణ్ణి తిడుతూ ఉన్నావురా తమ్ముడూ. దాని చెవుల్లోంచి పాలు తుడిచింది నేను. ఇంకొకళ్ళని అలా చూడటం నా వల్ల కాదు. కావాలంటే కొట్టు."

కొట్టలేదు. మా ఇళ్ళ చుట్టూ ఉన్న ముళ్ళకంచెలో ఆమె ఇంటివైపు ఉన్న నా ద్వారాన్ని కంపతో పూడ్చేశాను. అవతలి వైపు కొత్తది తెరిచాను. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. చెప్పాల్సింది ఉంటే దగ్గర్లో ఉన్న మేకకి చెప్పేవాణ్ణి, ఆమెకి వినపడేలా. ఆమె మాత్రం ఏనాడూ మేక వైపు చూడలేదు. జవాబు నా మొహంలోకి చూసే చెప్పేది.

పళ్ళు పోయినా నా పట్టు పోలేదు. వాణ్ణి హాస్టల్లో పెట్టి చదివించాను. నేను నాలుగో తరగతి దాటలేదు. వాడు పెద్ద పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కాడు. ఆఫీసర్ల ఎంపిక జరగబోతోందని రేడియోలో చెప్పిన రోజే, వాణ్ణి తయారుచేయమని అడగడానికి లెలెసీత్ ఇంటికి వెళ్ళాను. లెలెసీత్ సైన్యంలో సార్జెంటుగా చేసి దిగిపోయినవాడు. మేమిద్దరం ఒకే జట్టులో సున్తీ అయినవాళ్ళం, అంటే అన్నదమ్ముల లెక్క, కాబట్టి కాదనే వీలు వాడికి లేదు. తల్లిదండ్రులు లేక మిషన్లో పెరిగాడు. వాడి పళ్ళన్నీ ఉన్నాయి.

విమానాలు దిగే మట్టిబాట మీద సైదిమును పొద్దున్నే పరిగెత్తించేవాడు. మేకలు అడ్డొస్తే వాటి మీంచి దూకమనేవాడు. దేవదారు దుంగలు రెండు, పాత డ్రమ్ము ఒకటి, పశువులు నీళ్ళు తాగే తొట్టి ఒకటి పెట్టి, "ఈ మధ్యనున్నది నది. నేల ముట్టుకుంటే చచ్చినట్టే. డ్రమ్ము అవతలికి చేరాలి," అనేవాడు. తోడుకి నలుగురు కాపరులు. వాళ్ళకి సైదిము చెప్పాలి, వాళ్ళు వినాలి. అదే పరీక్షట.

"ముందు నువ్వు దూకి చూపించు, తరవాత మాకు చెప్పు," అనేవాడు వాళ్ళలో ఒకడు.

"ఆఫీసరు దూకడురా. దూకించేవాణ్ణి ఆఫీసరంటారు," అనేవాడు ఇంకొకడు.

సైదిము దూకి చూపించేవాడు. తరవాత వాళ్ళూ దూకేవాళ్ళు. లెలెసీత్ నాకేసి చూసి తల ఊపేవాడు.

ఏదో ఒక విషయం ఇచ్చి అప్పటికప్పుడు మాట్లాడమనడం ఇంకో పరీక్ష. దానికి తుమ్మచెట్టు కింద గుంటలాట ఆడే ముసలివాళ్ళ ముందు నిలబెట్టాం. 'కరువు' అని ఇచ్చాడు లెలెసీత్. సైదిము గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఆఫీసరుగారూ, కరువు సంగతి మాకు తెలుసు కానీ, మా బోరు ఎప్పుడు బాగుచేయిస్తారు?" అన్నాడు ఒక ముసలాయన గింజలు పంచుతూ.

"ముందు నువ్వు దొంగాట ఆపు తాతా, బోరు సంగతి చూద్దాం," అన్నాడు సైదిము.

ముసలివాళ్ళు ఆట ఆపి మరీ నవ్వారు. అప్పుడనుకున్నాను, వీడు గెలుస్తాడని. తల్లి పోయాక నాకు మంచి రోజంటూ ఉంటే అదొక్కటే.

మిగిలింది ముఖాముఖి. లెలెసీత్ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నా టోపీ పెట్టుకుని, కల్నల్ అయ్యాడు.

"సైన్యంలోకి ఎందుకొస్తున్నావు?"

"దేశసేవ కోసం సర్."

"అందరూ అదే పాట. నీ సంగతి చెప్పు."

"మా నాన్న..." అని ఆగి నావైపు చూశాడు.

"మీ నాన్నని తీసుకోం. వయసు దాటింది, పైగా మొహం చూస్తే పాలు విరిగిపోతాయి." కాపరులు ఇకిలించారు. లెలెసీత్ నవ్వకుండా కొనసాగించాడు. "నోరు తెరువు. ఆ పళ్ళేమయ్యాయి?"

సైదిము నోరు మూసుకున్నాడు.

"మా ఆచారం సర్, చిన్నప్పుడు తీశారు, అను. అంతే. తరవాతి ప్రశ్న..."

"వద్దు," అన్నాను. "ఆవు తన్నింది అని చెప్పాలి."

లెలెసీత్ టోపీ తీశాడు. "ఎందుకోయ్? నేను దిగిపోయే ముందు ఇలాంటి నోళ్ళు ఎన్నో వచ్చాయి. అడుగుతారు, చెబుతాం, ఊరుకుంటారు. మన కాలం కాదిది."

"నువ్వు చూసింది సిపాయిల్ని. వీడు ఆఫీసరు. పెద్దవాళ్ళ పక్కన బల్ల ముందు కూర్చుని తింటాడు. నోట్లో కత్తి పెట్టించుకున్న జాతి అని తెలిస్తే దగ్గరికి రానిస్తారా?"

"ఆ బల్ల దగ్గర నువ్వెప్పుడు కూర్చున్నావు?"

"నువ్వెప్పుడు కూర్చున్నావు?"

సార్జెంట్లు కూర్చోరు. కంచె అవతల మా అక్క నవ్వు వినపడింది. ఎప్పట్నుంచి వింటోందో.

"ఏ ఆవురా తన్నింది? పేరు చెప్పండి. పాపం దానికీ తెలియాలిగా! కింది పళ్ళు రెండూ తన్ని, పై పళ్ళకి ముద్దు పెట్టి వెళ్ళిందా?"

కాపరులు దుంగల మీద పడి దొర్లారు. సైదిము కూడా నవ్వాడు. నా పక్కనున్న మేకతో అన్నాను:

"చెప్పవే దానికి. ఆ ఆవుకి రెండే కాళ్ళని."

అవతల నవ్వు ఆగిపోయింది.

ఆ తరవాత వాడికి ఆ మాట నేనే నేర్పాను. పరుగు ఎలా నేర్పించామో అలాగే. ఎర్రావు, పొట్ట తెలుపు, తొలిచూలు. దూడని విప్పబోతుంటే తన్నింది. ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెప్పేదాకా చెప్పించాను. లెలెసీత్ ఆ పూటలకి రావడం మానేశాడు.

ప్రయాణం రోజున అక్క పాలబుర్ర పట్టుకుని వచ్చింది. పూడ్చిన ద్వారం దగ్గర, కంప అవతలే నిలబడింది. సైదిము వెళ్ళి తల వంచాడు. ముళ్ళ మీంచే వాడి తల మీద పాలు చిలకరించింది. దీవెన అయ్యాక అంది:

"ఒరేయ్, ఆవూ గీవూ అనకు. మా అత్త తీయించింది అని చెప్పు. కావాలంటే నన్ను నాలుగు తిట్టి మరీ చెప్పు. నాకేం పోయింది?"

"సరే అత్తా."

"సరే అంటే ఎవరికి సరే?" అన్నాను వాడితో.

వాడు అటూ ఇటూ చూశాడు. "లారీ వెళ్ళిపోతుంది నాన్నా," అని సంచీ ఎత్తుకున్నాడు.

వాడు తిరిగొచ్చిన రోజు నేనూ లెలెసీత్ తొట్టి దగ్గర పశువులకి నీళ్ళు పడుతున్నాం. దూరం నుంచే నడక చూసి లెలెసీత్ చేద వదిలేశాడు. సైదిము వచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. మొహం కడుక్కున్నాడు. అడక్కుండానే చెప్పాడు.

పరుగులో వాడే ముందు. దుంగల పరీక్షలో వాడి జట్టు డ్రమ్ము దాటించింది. మాట్లాడమని నిజంగానే కరువు ఇచ్చారట, అందరూ తలలూపారట. డాక్టరు నోరు చూసి, ఎలా పోయాయన్నాడట. ఆవు తన్నిందన్నాడట. డాక్టరు ఇంకేమీ అడగలేదట.

"చూశావా?" అన్నాను లెలెసీత్‌తో.

"పూర్తిగా విను," అన్నాడు లెలెసీత్.

చివరిది ముఖాముఖి. మధ్యలో కూర్చున్న కల్నల్ తుర్కానా మనిషి. తుర్కానాలకీ మాకూ పశువుల దగ్గర తగువు ఈనాటిది కాదు. అక్కడ ఆ జాతివాడు కూర్చుంటాడని నేనెలా అనుకుంటాను?

"ఏ రంగు ఆవు?" అని అడిగాడట.

"ఎరుపు సర్. పొట్ట తెలుపు."

"పాలు పితికేటప్పుడా?"

"దూడని విప్పుతుంటే సర్. తొలిచూలు ఆవు."

"తొలిచూలుది తంతుంది, నిజమే. పెదవి పగిలిందా?"

"పగిలింది సర్."

"మచ్చేది?"

వాడి దగ్గర మచ్చ లేదు. మచ్చ సంగతి నేను నేర్పలేదు.

కల్నల్ తన కింది పెదవిని వేలితో కిందికి లాగి చూపించాడట. మధ్యలో రెండు పళ్ళు లేవు.

"నన్నూ ఆ ఆవే తన్నింది," అన్నాడట. "మా ఊరు లోద్వార్ అవతల. అంత దూరం నడిచొచ్చి మరీ తన్నింది. గట్టి ఆవు."

పక్కనున్న ఆఫీసర్లు నవ్వారట. సైదిముకి కూడా నవ్వొచ్చిందట, మా అక్క మాట గుర్తొచ్చి. కల్నల్ మాత్రం నవ్వలేదు.

"పళ్ళు లేకపోతే మాకేం అడ్డం లేదు. ఆచారమని ఉంటే ఈపాటికి వేరే ప్రశ్నలో ఉండేవాళ్ళం. ఒక్క మాట అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఇది నువ్వు కల్పించుకున్నదా, ఎవరైనా చెప్పి పంపారా?"

"నేనే సర్," అన్నాడట వాడు.

"ఎవరూ చెప్పలేదా?"

"లేదు సర్."

"మొదటి అబద్ధం భయపడి చెప్పావనుకుంటాను. తప్పించుకోమని దారి ఇస్తే రెండోది కూడా చెప్పావు. రేపు నీ మాట నమ్మి మనుషులు నడుస్తారు. వాళ్ళనేం చేయను? వెళ్ళు బాబూ."

అంతే. తొట్టిలో నీళ్ళు అడుగంటాయి. ఎవరూ చూడలేదు.

"నీ మాటే అని ఎందుకన్నావురా?" అని అడిగాను.

"మా నాన్న నేర్పాడని చెప్పమంటావా?"

"అత్త పేరు చెప్పాల్సింది."

"అత్త పేరు చెప్పొద్దనేగా నాన్నా, ఆవు పేరు చెప్పించావు."

వాడి గొంతులో కోపం లేదు. అదే నాకు కంపరం పుట్టించింది. కోప్పడి ఉంటే నాలుగు వాయించేవాణ్ణి.

"ఇంకా వయసుంది. మళ్ళీ పిలుస్తారు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాడు లెలెసీత్.

"ఆ కుర్చీలో అదే మనిషి ఉంటాడు బాబాయ్. ఆయన ముందు మళ్ళీ నోరు తెరవలేను."

అప్పుడు మా అక్క వచ్చింది. కంచె చుట్టూ తిరిగి, నా కొత్త ద్వారంలోంచి. అది పెట్టాక ఆమె అందులో అడుగుపెట్టడం అదే మొదలు. వేళాకోళం చేస్తుందనుకున్నాను. ఎదురు మాట సిద్ధం చేసుకున్నాను. ఆమె నా మొహం చూడలేదు. ఏనాడూ చూడనిది, మేక వైపు తిరిగింది.

"చెప్పవే వాడికి," అంది మేకతో. "పిల్లాడు పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండడు. పాలు తెచ్చాను."

సైదిము లేచి ఆమె చేతిలోంచి బుర్ర తీసుకున్నాడు. అక్కడే నిలబడి తాగాడు. తరవాత ఆమె వెనక నడిచి వెళ్ళాడు. సంచీ కూడా తీసుకుని.

ఇప్పుడు వాడు వన్యమృగాల కాపలాలో ఉన్నాడు. ఆకుపచ్చ చొక్కా వేసుకుని ఏనుగుల వెనక నడుస్తాడు. ఉండేది మా అక్క దగ్గర. కనపడితే "నాన్నా, బాగున్నావా?" అంటాడు. బాగున్నానంటాను.

జనం ఏమంటారో తెలుసు. వాళ్ళు సరిగ్గా ఆలోచించరు. పళ్ళుంటే ఆ ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే ఆవు లేదు. ఆవు లేకపోతే నా కొడుకు భుజం మీద ఈపాటికి నక్షత్రం ఉండేది. పళ్ళు తీయించింది ఎవరు? అక్కడితో సరి. ఆ తుర్కానా కల్నల్ నోట్లో కిటికీ ఉంటే ఉండనీ. మరలాల్‌లో నా గడ్డం పట్టుకున్న రోజున ఆయన ఎక్కడున్నాడు?

మొన్న లెలెసీత్ వచ్చాడు. మళ్ళీ ఎంపిక ఉందట. మట్టిబాట మీద కొత్తగా ముగ్గురు పరిగెత్తుతున్నారట. అందులో ఇద్దరికి కింది పళ్ళు లేవు.

"భయపడుతున్నారోయ్. నువ్వొచ్చి నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఏం జరిగిందో, ఏం చెప్పకూడదో. నేను చెబితే నమ్మడం లేదు. నీ కొడుకు సంగతి నువ్వు చెబితే నమ్ముతారు," అన్నాడు.

"మా అక్కని అడగమను," అన్నాను.

"మీ అక్క కాదు కదా వాడికి నేర్పింది."

వాడికి టీ పోయలేదు. చేద తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాను. వాడూ వెళ్ళిపోయాడు.

నేను చెప్పాల్సింది ఇక్కడ చెప్పేశాను. ఆ కుర్రాళ్ళకే కాదు, లెలెసీత్‌కీ, మా అక్కకీ, నా కొడుక్కీ, ఆఖరికి మేకకి కూడా, ఈ విషయం ఇంకెప్పుడూ నా నోటి నుంచి రాదు.